ఒడ్డు లెక్క

“పడవ మునిగిపోతే, నాను మునిగిపోనానని ఆ పడవే ఒడ్డుకొచ్చి సెప్తాదేటి బావా? సెప్పదు గదా. నాను సేసింది సరీగ్గా అదే పని.”

ఈ మాట అని గురువులు టీ గ్లాసు అందుకున్నాడు. మద్దిలపాలెం బస్ డిపో ఎదురుగా ఉన్న టీ కొట్టు బల్ల మీద కూర్చున్నాం మేమిద్దరం. అతను ఏ సంగతైనా నడిమధ్యలోంచే మొదలుపెడతాడు. మొదలేదో, అంతకుముందు జరిగిందేదో మనమే ఒక్కొక్కటిగా అడిగి రాబట్టుకోవాలి. నాకు అడగడం ఇష్టం, అతనికి చెప్పడం ఇష్టం. మా స్నేహానికి అంతకుమించి పునాది ఏమీ లేదు.

గురువులుది జాలరిపేట. తాత, తండ్రి, అన్న జగ్గయ్య, అందరిదీ వేటే. ఇతనొక్కడు డిప్లొమా చదివి, డిపో పక్క వీధిలో మూడో అంతస్తులో ఉన్న చిన్న కంపెనీలో సర్వర్లు చూసుకునే పనిలో కుదిరాడు. ఆ కంపెనీ వ్యాపారం నాకు అర్థం కావడానికి రెండు టీలు పట్టింది. పోర్టులో, రిఫైనరీలో, స్టీల్ ప్లాంటులో పనులు చేసే కాంట్రాక్టర్లకి ఉన్నట్టుండి ఏ వాల్వో, బేరింగో కావాల్సి వస్తుంది. ఫోన్లో దాని పేరు కొడితే, అది మల్కాపురంలో ఏ షాపులో ఉందో, కంచరపాలెంలో ఏ షెడ్డులో మూలుగుతోందో వెతికి చూపిస్తుంది వీళ్ల కంపెనీ. ఆ వెతికే పని మూడు సర్వర్లది. మూడూ ఒక జట్టు. సరుకుల వివరాలన్నీ పంచుకుని దాచుకుంటాయి. ఒకటి కూలబడితే దాని బరువు మిగతా రెండింటి మీద పడుతుంది. కాసేపు మోస్తాయి, తర్వాత అవీ కూలబడతాయి.

అలా కూలబడ్డ సంగతి అందరికన్నా ముందు తెలిసేది మల్కాపురం షాపువాళ్లకి. వాళ్లు కంపెనీ యజమాని దేవీప్రసాద్‌కి ఫోన్ చేసేవారు. ఆయన గురువులుకి చేసేవాడు. గురువులు ఎక్కడుంటే అక్కడే ల్యాప్‌టాప్ తెరిచేవాడు. పెళ్లిభోజనం ముందు, బస్సు మెట్ల మీద, ఒకసారి మంగలి కుర్చీలో సగం గడ్డంతో.

ఇవన్నీ భరించాడు గానీ తొలి వేట దగ్గర మాత్రం చిక్కు వచ్చింది.

వేసవిలో రెండు నెలలు వేట నిషేధం. జూన్ నడిమధ్యలో అది ముగుస్తుంది. ఆ రోజు తెల్లవారుజామున పడవకి పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఇంట్లో మగవాళ్లంతా ఎక్కుతారు. ఉద్యోగస్తుడైనా సరే, ఏడాది పొడవునా చెప్పులతో తిరిగేవాడైనా సరే, ఆ రోజు ఎక్కాల్సిందే. రెండేళ్ల కిందట గురువులు ఫోన్‌ని వాళ్లమ్మ గంగాలమ్మ చేతికిచ్చి ఎక్కాడు. పడవ అలలు దాటుతుండగా ఫోన్ మోగింది. మోగిన ఫోన్ అంటే ఎవరికో ప్రాణం మీదికొచ్చిందని గంగాలమ్మ నమ్మకం. నడుంలోతు నీళ్లలోకి నడిచి, కొంగు ఊపుతూ కేకలు పెట్టింది. పడవ తిరిగొచ్చింది. ఎత్తి చూస్తే దేవీప్రసాద్. సెర్చ్ పడిపోయింది.

పోయినేడాది అమ్మని నమ్మకుండా ఫోన్‌ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి మెడకి వేలాడదీసుకున్నాడు. ఈసారి అలలు దాటాక మోగింది. జగ్గయ్య పడవ తిప్పేశాడు. తొలి వేటలో రెండేళ్లు వరసగా వెనక్కి తిరిగిన పడవ పేటలో అదొక్కటే. ఆ తర్వాత ఏడాదంతా ఏ చెడు జరిగినా దానికి కారణం ఒక్కటే అయింది. వల చిరిగితే సర్వర్, ఇంజిన్ ఆగితే సర్వర్. వదిన ధనలక్ష్మి చారులో ఉప్పు వెయ్యడం మరిచిపోతే, జగ్గయ్య ఒక ముద్ద తిని, ఈ వేళ సర్వర్ వండిందా అని అడిగేవాడు.

ఈ ఏడాది నిషేధం మొదలైన రోజే అన్న తమ్ముణ్ణి పిలిచి చెప్పేశాడు.

“ఫోన్ తెస్తే పడవెక్కనివ్వను. ఫోన్ కోసం నువ్వు రావడం మానేస్తే, ఇక మరెప్పుడూ ఎక్కనివ్వను. పడవలో నీ సోటు వదిన తమ్ముడికి ఇచ్చీత్తాను.”

వదిన తమ్ముడికి సముద్రం చూస్తేనే వాంతులు. గురువులుకి అదే ఎక్కువ బాధనిపించింది.

అటు ఆఫీసులో దేవీప్రసాద్ కూడా మరీ కఠినుడు కాదు. సెలవు ఇస్తాను, కానీ సర్వర్లు బాగున్నాయని నీ నోటితో చెప్తే చాలదు, నా కళ్లకి కనబడాలి అన్నాడు. అలా మొదలైంది సర్వర్ల మీద కాపలా పెట్టే పని.

గురువులు దీన్ని ఎక్కడా నేర్చుకోలేదు. చదివి, చేసి, చెడగొట్టి నేర్చుకున్నాడు. ప్రతి సర్వర్ పక్కనా ఒక చిన్న కాపలా ప్రోగ్రాం కూర్చుంటుంది. కొన్ని సెకన్లకొకసారి నాడి చూస్తుంది. మెమొరీ ఎంత నిండింది, డిస్కులో చోటెంతుంది, ఎంతమంది వెతికారు, బదులివ్వడానికి ఎంతసేపు పట్టింది. ఆ అంకెలన్నీ ఒకచోట పోగుపడి, గోడమీది టీవీలో గీతలుగా కనబడతాయి.

మొదటి రెండ్రోజులూ టీవీలో ఏ గీతా లేదు. దేవీప్రసాద్ వచ్చీపోతూ చూసి, ఏ గొడవా లేదన్నమాట అని సంతోషించాడు. నిజానికి అంకెలు పోగుచెయ్యమని సర్వర్లకి విడిగా అనుమతి ఇవ్వాలట. ఇవ్వకపోతే అవి నోరు విప్పవు. ఆ ఒక్క వాక్యం గురువులు చదివిన పేజీలో అడుగున ఉంది. అతను అడుగుదాకా చదవలేదు.

అనుమతి ఇచ్చాక గీతలు వచ్చాయి. ఆఫీసంతా చుట్టూ చేరి చూశారు. మూడోనాడు పొద్దున్న మల్కాపురం నుంచి ఫోన్. సెర్చ్ పడిపోయింది. గురువులు పరుగున టీవీ దగ్గరికి వెళ్తే, తెర మీద అంతకుముందు వచ్చిన గీత చక్కగా, ఆరోగ్యంగా నిలబడి ఉంది. కదలడం లేదంతే. పోగుచేసిన అంకెల్ని తీసుకెళ్లి అతను దాచింది ఆ మూడు సర్వర్లలోనే. అవి పడ్డప్పుడు, పడ్డామని రాసిపెట్టే చోటు కూడా వాటితోపాటే పడింది.

“అదే బావా నాను సెప్పేది. మునిగిన పడవలో కూకుని, ఒడ్డుకి కబురెట్టమంటే ఎలాగెడతాది.”

దానికి విరుగుడు కూడా ఒడ్డే. లెక్కలు చూసే నీలిమ బల్ల కింద ఒక పాత కంప్యూటర్ కాళ్లు పెట్టుకునే పీటలా పడి ఉంది. దాన్ని బయటికి లాగి, దుమ్ము దులిపి, అంకెలన్నీ ఇకనుంచి దాంట్లో చేరేలా చేశాడు. సర్వర్లు మూడూ సముద్రంలో, ఇది ఒడ్డున. దానికి ‘ఒడ్డు’ అనే పేరు కూడా పెట్టాడు. నీలిమ తన పీట పోయినందుకు రెండ్రోజులు మాట్లాడలేదు. ఆమెది బొబ్బిలి వైపు వ్యవసాయ కుటుంబం. లెక్కలతోపాటు సర్వర్ల పనీ కొంత నేర్చుకుని, గురువులు లేనప్పుడు చూసుకునేది ఆమే.

ఇక అసలు తప్పు ఇప్పుడు వస్తుంది. దాన్ని చెప్పే ముందు గురువులు నాకు ఇంకో టీ తాగించాడు.

ఒడ్డుకి అంకెలు చేరడం మొదలైన వారానికి, వెతికేవాళ్ల గీత టీవీలో ఆకాశానికి లేచి ఉంది. దేవీప్రసాద్ ఊహించినదానికి మూడింతలు. ఆయన చాలాసేపు గీత ముందు నిలబడ్డాడు. జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకుని మళ్లీ చూశాడు. మర్నాడు మాడుగుల హల్వా వచ్చింది, అందరికీ తలా ఒక డబ్బా. మల్కాపురంలో పెద్ద సరుకుల వర్తకుడు గురునాథరావుకి ఫోన్ చేసి, మా దగ్గర వెతికేవాళ్లు మూడింతలయ్యారు, మీ సరుకంతా మా దగ్గరే పెట్టండి అని చెప్పాడు. ఆ ఊపులోనే గురువులు భుజం తట్టి, తొలి వేటకి సెలవు ఖాయం చేశాడు.

తన హల్వా డబ్బా గురువులు ఒక్కడే ఖాళీ చేశాడు.

తర్వాతి ఆదివారం షాపులన్నీ మూసి ఉన్నాయి. గీత నేలకి అంటుకుని ఉంది. గురువులు ఆఫీసులో కూర్చుని, ఊరికే, అన్న పడవ ఇంజిన్‌కి ఫ్యాన్ రెక్క ఎక్కడ దొరుకుతుందో ఒకసారి వెతికాడు. టీవీలో ముగ్గురు వెతికినట్టు వచ్చింది. ఇంకోసారి వెతికాడు. ఆరుగురయ్యారు. గదిలో అతనొక్కడే ఉన్నాడు.

అప్పుడు కుర్చీలో వెనక్కి వాలి, తను చేసినదేమిటో అర్థం చేసుకున్నాడు.

ఇది అర్థం కావాలంటే పేట అలవాటు ఒకటి తెలియాలి. పడవలు తిరిగొచ్చే వేళకి ఆడవాళ్లంతా ఒడ్డున నిలబడతారు. ఏ పడవ కనబడినా, చూసినామె పైకి చెప్తుంది. తన ఇంటి పడవ ఒక్కదాన్నే చూసి, వచ్చేసిందని గంప ఎత్తుకుని పోవడం అక్కడ మర్యాద కాదు. నీ ఇంటివాడు వస్తే చాలా, మావాళ్లు అక్కర్లేదా అని ఏడాదిపాటు దెప్పుతారు. అందుకే ప్రతి ఆడమనిషీ మొత్తం పడవల లెక్క చెప్తుంది. గురువులు ఆ కేకల మధ్య పెరిగాడు. కాపలా ప్రోగ్రాం పెట్టేటప్పుడు, నీ పక్కనున్న ఒక్క సర్వర్ సంగతే చెప్తావా, జట్టు మొత్తం సంగతి చెప్తావా అని అది అడిగింది. ఒక్కదాని సంగతే చెప్పడం అతనికి స్వార్థంగా తోచింది. మూడింటి దగ్గరా, అందరి సంగతీ చెప్పు అని నొక్కాడు. మూడు కాపలాలూ మూడు సర్వర్ల లెక్కా అప్పజెప్పాయి. ఒడ్డు అన్నింటినీ కూడేసింది.

సోమవారం నీలిమకి చెప్తే ఆమె నవ్వాపుకోలేకపోయింది. మా వైపు ఎవరి గట్టు మీద వాళ్లే నిలబడి మాట్లాడతారు, పక్క పొలంలో పాము కనబడినా మా పొలంలో లేదనే అంటారు, నన్ను పెట్టమని ఉంటే ఈ తప్పు వచ్చేదే కాదు అంది. ఆ తర్వాత నవ్వు ఆపి, సార్‌కి నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా అని అడిగింది.

చెప్తే ఏమవుతుందో గురువులుకి తెలుసు. సెలవు వచ్చింది ఆ మూడింతల మీదే. గీత మూడో వంతుకి పడిపోతే సెలవూ దాంతోపాటే పోతుంది. సెలవు పోతే పడవలో చోటు పోతుంది. చెప్పకుండా ఉంటే? గీత ఎత్తుగానే ఉంటుంది, హల్వా ఎలాగూ అరిగిపోయింది, పది రోజులాగితే తొలి వేట అయిపోతుంది. ఆ తర్వాత మెల్లగా సరిచెయ్యొచ్చు.

“అలగే సేసీసేవోణ్ణి బావా, అన్న సంగతి గుర్తురాకపోతే,” అన్నాడు గురువులు.

అన్న సంగతి ఇది. కొన్నేళ్ల కిందట ఒక సాయంత్రం ఇలాగే ఒడ్డున లెక్క జరిగింది. మబ్బు పట్టి ఉంది. ఒకే పడవని ఇద్దరు ఆడవాళ్లు రెండు వైపులనుంచి చూసి రెండుసార్లు చెప్పారు. వెళ్లినవెన్నో వచ్చినవీ అన్నే అని తేలి, అందరూ ఇళ్లకి పోయారు. జగ్గయ్య పడవ ఇంజిన్ ఆగిపోయి సముద్రం మీదే ఉంది. ధనలక్ష్మి అప్పుడు పుట్టింట్లో ఉంది. పెద్దాడు స్నేహితుల దగ్గర ఆగాడేమో అనుకుని గంగాలమ్మ వడ్డించేసింది. అందరూ తిని పడుకున్నారు. మర్నాడు మధ్యాహ్నం హార్బర్ బోటు ఒకటి లాక్కొస్తే, జగ్గయ్య ఎండకి నల్లబడి, పెదాలు పగిలి, నేరుగా వంటింట్లోకి వచ్చాడు. కూరగిన్నె మూత తీసి చూశాడు. ఖాళీ.

“నాను రాకుండానే వచ్చీసినానా అమ్మా?”

“లెక్కలో వచ్చీసినావురా. కూరలో ఎందుకుంచుతాం,” అంది గంగాలమ్మ. అని, అక్కడే కూలబడి ఏడ్చింది.

ఆనాటి నుంచి పేటలో కేకతోపాటు పడవ పేరు కూడా చెప్పాలి. చెప్పినదాన్ని ఇంకొకామె మళ్లీ చెప్పకూడదు.

ఇంట్లో ఇంత జరిగాక కూడా తను అదే తప్పు చేశాడని గురువులు తల పట్టుకున్నాడు. పైగా ఇప్పుడు తెలిసి దాస్తే, తను అలల మీద ఉన్నప్పుడు ఒక సర్వర్ పడిపోయినా మిగతా రెండు కాపలాలు దాని పాత లెక్క చెప్తూ ఉంటే ఎవరు కనిపెడతారు? అతను లేచి యజమాని గదిలోకి నడిచాడు. నీలిమ తలుపు దగ్గర నిలబడి వింది కాబట్టి, ఇక్కడినుంచి ఆమె చెప్పిందీ గురువులు చెప్పిందీ కలిపి రాస్తున్నాను.

“సార్, ఎతికేవోళ్లు మూడింతలు కాలేదు. ఉన్నోళ్లనే మూడుసార్లు లెక్కెట్టినాం.”

దేవీప్రసాద్ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

“మరి హల్వా?”

“తినీసినాను సార్.”

గురువులు అక్కడే ల్యాప్‌టాప్ తెరిచి, మూడు కాపలాలనీ ఎవరి సర్వర్ సంగతి వాళ్లే పేరుతో సహా చెప్పేలా మార్చాడు. అద్దం తలుపులోంచి చూస్తుండగానే టీవీలో గీత దిగి, కింద స్థిరపడింది. దేవీప్రసాద్ ముఖం కూడా దాంతోపాటే దిగింది. ఆయనకి గీత కన్నా పెద్ద బెంగ గురునాథరావు. ఎంతో గొప్పగా చెప్పుకున్నాడు మరి. చివరికి ఫోన్ తీసి, చెమట తుడుచుకుంటూ, మొన్న చెప్పిన అంకె పొరపాటండీ, మూడో వంతే నిజం అని చెప్పేశాడు.

అవతల గురునాథరావు ఏమీ తొణకలేదట. ఎవరు ఏ అంకె చెప్పినా అందులో మూడో వంతే లెక్కలోకి తీసుకోవడం తన అలవాటనీ, ఆ లెక్క చూసుకునే సరుకు పంపడానికి ఒప్పుకున్నాననీ, ఇప్పుడు మీరే మూడో వంతు అంటున్నారు గనుక మళ్లీ మూడో వంతు చెయ్యనా వద్దా చెప్పమనీ అడిగాడట. దేవీప్రసాద్ వద్దని గట్టిగా చెప్పి పెట్టేశాడు.

నిజమైన గీతలు వచ్చాక ఇంకో సంగతి బయటపడింది. మూడు సర్వర్లలో రెండోది ఒక్కటే బరువంతా మోస్తోంది. పొద్దున్న షాపులు తెరిచే వేళకి దాని మెమొరీ గీత మెడదాకా వచ్చేది. మూడుసార్ల లెక్కలో అన్నీ కలిసిపోయి, ఇంతకాలం అది కనబడలేదు. గురువులు దాని మీది సరుకు వివరాలు కొన్ని మిగతా రెండింటికీ సర్దాడు. అప్పటినుంచి సెర్చ్ పడలేదు. దేవీప్రసాద్ సెలవు వెనక్కి తీసుకోలేదు గానీ ఒక్క షరతు కలిపాడు. ఏదైనా పడబోతే ‘ఒడ్డు’ కంప్యూటర్ ముందే గురువులు ఫోన్‌ని మోగిస్తుంది, ఆ ఫోన్ ఎత్తే మనిషి ఒకరు ఒడ్డున ఉండాలి.

ఇదంతా చెప్పి గురువులు గ్లాసు కింద పెట్టాడు. తెల్లారితే తొలి వేట. నాకు ఇన్ని టీలు ఎందుకు తాగించాడో అప్పటికి గానీ అర్థం కాలేదు.

నీలిమే ఆ ఫోన్ ఉంచుకోవచ్చు కదా అన్నాను. ఆ వేళకి ఆమె ఇంట్లో పాలు కాస్తూ ఉంటుందట. పడబోతోందని చెప్తే సరిచేస్తుంది గానీ, మోత కోసం కాచుకుని కూర్చోలేదట. మీ అమ్మ చేతికి అన్నాను. అతను నావైపు చూసిన చూపుకి ఆ మాట వెనక్కి తీసుకున్నాను.

గురువులు జేబులోంచి ఫోన్ తీసి, పడవకి పెట్టే కొబ్బరికాయలా రెండు చేతులతో నా చేతిలో పెట్టాడు.

“రేపు తెల్లారకముందే ఒచ్చి మా అమ్మ పక్కన నిలబడు బావా. ఆవిడ పడవల్ని సూసుకుంటాది, నువ్వు దీన్ని సూసుకో. మోగితే నీలిమకి సెప్పు. నాకు మాత్రం సెప్పకు. సెయ్యూపకు, తువ్వాలూపకు. అమ్మ కొంగు ఊపబోతే ఆ కొంగట్టుకో. మా పడవ ఎనక్కి తిరగకూడదు, అంతే.”

సరేనని లేచాను. రెండడుగులు వేశానో లేదో వెనకనుంచి మళ్లీ పిలిచాడు.

“దాంట్లో ఛార్జింగ్ అయిపోవొచ్చినాది. ముందెల్లి అది పెట్టు బావా.”